కొత్త ప్రాసెసర్ వచ్చేదాకా ఆగాలా? ఇప్పుడే ల్యాప్‌టాప్ కొనాలా?

ల్యాప్‌టాప్ కొందామని డబ్బు సిద్ధం చేసుకున్నాక చాలామంది ఒక దగ్గర తటపటాయిస్తారు. ఇంకో మూడు నెలల్లో కొత్త ప్రాసెసర్ వస్తుందట, ఇప్పుడు కొంటే అప్పుడే పాతబడిపోతుందేమో అని. అందరికీ సరిపోయే జవాబు లేదు గానీ, ఎవరికి వారు తేల్చుకునే పద్ధతి ఉంది. మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. 2026లో ల్యాప్‌టాప్ అవసరం నిజంగా ఉన్నవాళ్లలో ఎక్కువమంది ఆగక్కర్లేదు. ఆగి లాభపడేవాళ్లు కొద్దిమందే, వాళ్లెవరో కింద వివరంగా రాశాం. పైగా ఆగితే చేతి నుంచి డబ్బు పోయే అవకాశం ఈసారి మామూలు కంటే ఎక్కువ. దానికి కారణం ప్రాసెసర్ కాదు, ర్యామ్.

పెట్టె మీద పేరు కొత్తదైతే చాలదు

కొత్త నంబరు ఉన్నంత మాత్రాన లోపలి చిప్పు కొత్తది కావాలని లేదు. గందరగోళంలో సగం ఇక్కడే పుడుతోంది.

ఇంటెల్ సంగతి చూద్దాం. 2026 జనవరిలో లాస్ వెగాస్‌లో జరిగిన సీఈఎస్ ప్రదర్శనలో కోర్ అల్ట్రా సిరీస్ 3ని విడుదల చేసింది. కోడ్ పేరు పాంథర్ లేక్. ఇది నిజంగానే కొత్తది. ఇంటెల్ సొంత 18ఏ పద్ధతిలో తయారవుతోంది, గ్రాఫిక్స్ కూడా కొత్త డిజైన్. అయితే ఇందులోనూ తేడాలున్నాయి. పేరులో ‘ఎక్స్’ ఉన్న అల్ట్రా ఎక్స్7 358హెచ్, అల్ట్రా ఎక్స్9 388హెచ్ వంటి వాటిలో 12 గ్రాఫిక్స్ కోర్లు ఉంటాయి. అల్ట్రా 7 355లో, 356హెచ్‌లో నాలుగే. పాంథర్ లేక్‌లో గేములు బాగా ఆడుతున్నాయని రివ్యూ చూసి, ఎక్స్ లేని మోడల్ కొంటే చూసినదానికీ ఇంటికి వచ్చినదానికీ పొంతన ఉండదు.

అదే ఇంటెల్ కోర్ 5 210హెచ్, కోర్ 7 240హెచ్ అనే పేర్లతోనూ చిప్పులు అమ్ముతోంది. పేరులో అల్ట్రా లేని ఇవి రాప్టర్ లేక్ కుటుంబానివి. అంటే 2023 జనవరిలో 13వ తరంగా ల్యాప్‌టాప్‌లలోకి వచ్చిన డిజైనే. పని బాగానే చేస్తాయి, ధర కుదిరితే కొనదగ్గవే. కానీ మిగతావన్నీ సమానంగా ఉన్నప్పుడు ఐ5-13420హెచ్ ఉన్న మోడల్‌ను వదిలేసి, ఇది కొత్తదని కోర్ 5 210హెచ్‌కు ఐదారు వేలు ఎక్కువ పెట్టడం దండగ.

ఏఎండీ 7000 సిరీస్‌లో నాలుగు అంకెల్లో మూడోది చూడండి. అక్కడ 2 ఉంటే లోపలున్నది జెన్ 2 (జెన్ అన్నది ఏఎండీ కోర్ డిజైన్ పేరు, పక్కన అంకె దాని తరం), 3 ఉంటే జెన్ 3 లేదా జెన్ 3 ప్లస్, 4 ఉంటే జెన్ 4. రైజెన్ 5 7520యూ నాలుగు కోర్లది, 7530యూ ఆరు కోర్లది. రెండూ ‘రైజెన్ 5, 7000 సిరీస్’ అనే ఒకే మాట కింద అమ్ముడుపోతాయి, పనిలో తేడా మాత్రం చాలా ఉంటుంది. 2025లో వచ్చిన రైజెన్ 200 సిరీస్ 2023 చివర్లో ప్రకటించిన 8040 సిరీస్‌కు పెట్టిన కొత్త పేరు. ఈ సీఈఎస్‌లో ప్రకటించిన రైజెన్ ఏఐ 400లో ఉన్నవి 2024 జూలైలో వచ్చిన రైజెన్ ఏఐ 300లోని జెన్ 5 కోర్లే, ఆర్‌డీఎన్‌ఏ 3.5 గ్రాఫిక్సే. క్లాక్ వేగం, ఎన్‌పీయూ (ఏఐ పనుల కోసం చిప్పులో ఉండే విడి భాగం) వేగం కొద్దిగా పెరిగాయి, అంతే. రైజెన్ ఏఐ 300 మోడల్ మంచి ధరకు కనిపిస్తుంటే 400 కోసం ఎదురుచూడొద్దు.

కాబట్టి ఎవరైనా ‘కొత్తది వస్తోంది’ అన్నప్పుడు ముందు అడగాల్సింది ఒకటే: కోర్లు మారుతున్నాయా, గ్రాఫిక్స్ మారుతున్నాయా, లేక నంబరు మాత్రమే మారుతోందా? నంబరే అయితే నిర్ణయం అక్కడికక్కడే అయిపోయినట్టు.

నిజంగా ఎంత మారుతుంది?

కంపెనీలు చెప్పిన అంకెలనే తీసుకుందాం. జెన్ 4 నుంచి జెన్ 5కు వెళ్తే ఒకే క్లాక్ వేగం దగ్గర సగటున 16 శాతం ఎక్కువ పని జరుగుతుందని ఏఎండీ చెప్పింది. 2024లో వచ్చిన తన లూనార్ లేక్ చిప్పుల్లోని పెద్ద కోర్లకు ఇంటెల్ చెప్పింది 14 శాతం. వేగం 15 శాతం పెరిగితే పది నిమిషాలు పట్టే వీడియో ఎక్స్‌పోర్ట్ సుమారు 8 నిమిషాల 40 సెకన్లలో అవుతుంది. రోజంతా ఎక్స్‌పోర్ట్‌లు పెట్టే పెళ్లి వీడియోల ఎడిటర్‌కు అది విలువైన తేడా. వర్డ్, ఎక్సెల్, బ్రౌజర్, వీడియో మీటింగ్‌లతో రోజు గడిచేవాళ్లకు అది తెలియను కూడా తెలియదు.

ఒకే ప్రాసెసర్ రెండు ల్యాప్‌టాప్‌లలో చూపించే తేడా ఇంతకంటే పెద్దది కావచ్చు. సన్నటి బాడీలో చిప్పును 15 వాట్లకు కట్టేస్తారు. పెద్ద ఫ్యాన్, రెండు హీట్ పైపులు ఉన్న దాంట్లో అదే చిప్పుకు 28 నుంచి 35 వాట్ల దాకా ఇస్తారు. మొదటి నిమిషం రెండూ ఒకేలా పరుగెత్తుతాయి. పదో నిమిషానికి మొదటిది వేడెక్కి వేగం తగ్గించుకుంటుంది. కాబట్టి రివ్యూల్లో ఒక్కసారి నడిపిన బెంచ్‌మార్క్ స్కోరు కాదు, ఇరవై నిమిషాలు ఆపకుండా నడిపిన తర్వాతి స్కోరు చూడాలి.

ర్యామ్ అమరిక కూడా ఇలాంటిదే. ఐ5-1334యూ ఉన్న ల్యాప్‌టాప్‌లో ఒకే ర్యామ్ కడ్డీ ఉంటే గ్రాఫిక్స్ పేరు ‘యూహెచ్‌డీ’ అని చూపిస్తుంది. రెండో స్లాట్‌లో ఇంకో కడ్డీ వేయగానే అదే చిప్పు ‘ఐరిస్ ఎక్స్‌ఈ’ అవుతుంది. పేరుతో పాటు వేగమూ పెరుగుతుంది, ఎందుకంటే ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్‌కు సొంత మెమొరీ ఉండదు, ర్యామ్ నుంచే లాక్కోవాలి. దారి రెండింతలైతే అందే డేటా రెండింతలు. కొత్త చిప్పు కోసం ఆరు నెలలు ఆగి, దాన్ని ఒకే కడ్డీతో కొనేవాళ్లు ఆగి సంపాదించిన లాభంలో పెద్ద భాగాన్ని అక్కడే పోగొట్టుకుంటారు.

గత కొన్నేళ్లలో తరం మారినప్పుడు కళ్లకు కనిపించేంత మారినవి రెండే: ఛార్జర్ లేకుండా ఎంతసేపు నడుస్తుంది, విడి గ్రాఫిక్స్ కార్డు లేకుండా ఎంత పని జరుగుతుంది. 2020 నవంబర్‌లో యాపిల్ ఎం1, 2024 జూన్‌లో స్నాప్‌డ్రాగన్ ఎక్స్, అదే ఏడాది సెప్టెంబర్‌లో లూనార్ లేక్, ఈ ఏడాది పాంథర్ లేక్ ఎక్స్ మోడళ్లు ఆ కోవలోవి. మీకు కావాల్సింది ఈ రెండింటిలో ఒకటైతే ‘ఆగాలా’ అన్న ప్రశ్నకు విలువ ఉంది. కాకపోతే లేదు.

ర్యామ్ ధర లెక్క మార్చేసింది

మామూలు రోజుల్లో ఆగడంలో ఒక లాభం ఖాయంగా ఉండేది. కొత్తది రాగానే పాతదాని ధర దిగేది. కొత్త చిప్పు అక్కర్లేనివాళ్లు కూడా అందుకోసమే ఆగేవారు. 2025 చివరి నుంచి ఆ లెక్క తప్పుతోంది. ఏఐ డేటా సెంటర్లు మెమొరీని టోకున ఎత్తుకుపోతున్నాయి. ప్రపంచంలో డీర్యామ్ (ర్యామ్‌లో వాడే మెమొరీ చిప్పులు) తయారీ ప్రధానంగా శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ అనే మూడు కంపెనీల చేతుల్లో ఉంది. వాళ్లు ఎక్కువ లాభం వచ్చే సర్వర్ మెమొరీ వైపు ఫ్యాక్టరీలను తిప్పారు. మైక్రాన్ అయితే మనమంతా కొనుక్కునే క్రూషియల్ బ్రాండ్ వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు 2025 డిసెంబర్‌లో ప్రకటించింది.

దీని ఫలితం ల్యాప్‌టాప్ మీద రెండు రకాలుగా పడుతుంది. ఒకటి, ధర నేరుగా పెరగడం. రెండోది కనిపించనిది: నిన్నటిదాకా 16 జీబీతో వచ్చిన ధరలో కంపెనీ 8 జీబీతో మోడల్ దింపుతుంది. పెట్టె మీద ప్రాసెసర్ కొత్తది, లోపల ర్యామ్ సగం. అలాంటి బేరంలో మునుపటి తరం చిప్పు, 16 జీబీ ఉన్నదే మేలు. 8 జీబీతో విండోస్ 11, బ్రౌజర్‌లో పదిహేను ట్యాబులు, ఒక మీటింగ్ నడిపితే ర్యామ్ నిండిపోయి, ఎంత మంచి ప్రాసెసరైనా డేటా కోసం ఎస్‌ఎస్‌డీ వైపు చూస్తూ కూర్చుంటుంది.

‘ఇప్పుడు 8 జీబీ తీసుకుని తర్వాత వేసుకుందాం’ అనే పాత సలహా కూడా ఇప్పుడు చెల్లడం లేదు. విడిగా కొనే కడ్డీ ధర పెరిగింది. పైగా సన్నటి మోడళ్లు చాలావాటిలో ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తున్నారు. లూనార్ లేక్‌లోనైతే అది ప్రాసెసర్ ప్యాకేజీలోనే ఉంటుంది, 16 లేదా 32 జీబీ, కొన్న రోజున ఎంతో చివరిదాకా అంతే.

ముందు చేతిలో ఉన్నదాన్ని పరీక్షించండి

ఆగగలరా లేదా అన్నది పాత ల్యాప్‌టాప్ చెబుతుంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. పర్ఫార్మెన్స్ ట్యాబ్ పెట్టి, మీరు రోజూ చేసే పనినే ఓ పావుగంట చేయండి. ఏది గోడకు తగులుతోందో చూడండి.

డిస్క్ 100 శాతం దగ్గర అతుక్కుపోయి, అది హార్డ్ డిస్క్ అయితే సమస్య ప్రాసెసర్ కాదు. ఎస్‌ఎస్‌డీ వేయిస్తే ఏడాది రెండేళ్లు హాయిగా లాగించవచ్చు. మెమొరీ 85, 90 శాతం దాటి ఉంటే ర్యామ్ చాలడం లేదు. అక్కడే మెమొరీ పేజీలో ఫార్మ్ ఫ్యాక్టర్ దగ్గర ‘ఎస్ఓడీఐఎంఎం’ అని ఉంటే కడ్డీ మార్చవచ్చు, ‘రో ఆఫ్ చిప్స్’ అని ఉంటే అతికించినది. సీపీయూ 100 శాతం చూపిస్తూ పక్కనే వేగం బేస్ స్పీడ్ కంటే కిందికి పడిపోతుంటే చాలావరకు అది వేడి సమస్య. ఫ్యాన్ దుమ్ము తీయించి థర్మల్ పేస్ట్ మార్పిస్తే పోయిన వేగం చాలావరకు తిరిగి వస్తుంది. మన వేసవిలో ఏసీ లేని గదిలో వాడే మెషీన్లకు రెండేళ్లకోసారి ఇది తప్పదు.

బ్యాటరీ కోసం కమాండ్ ప్రాంప్ట్‌లో powercfg /batteryreport అని కొట్టి బ్యాటరీ రిపోర్ట్ తీయండి. డిజైన్ కెపాసిటీ 50,000 అని, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ 28,000 అని ఉంటే బ్యాటరీ దాదాపు సగం అయిపోయింది. బ్యాటరీ మారిస్తే చాలు.

సీపీయూ చల్లగానే ఉండి, పూర్తి వేగంతో నడుస్తూ, ఎప్పుడూ 100 దగ్గరే ఉంటేనే నిజంగా ప్రాసెసర్ చాలడం లేదన్నమాట. ఇంకో సందర్భం కూడా ఉంది. ఇంటెల్ 7వ తరం, అంతకు ముందువి అధికారికంగా విండోస్ 11కు రావు. (ఏడులో వేళ్ల మీద లెక్కపెట్టే కొన్ని మోడళ్లకే మినహాయింపు.) విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇంటి వాడకందారులకు ఇచ్చిన పొడిగింపు కార్యక్రమంలో చేరితే 2026 అక్టోబర్ 13 దాకా భద్రతా అప్‌డేట్లు వస్తాయి. బ్యాంకు పనులు, జీఎస్టీ రిటర్నులు ఆ మెషీన్ మీదే చేసేవాళ్లు ఆ తేదీ దాటి ఆగకూడదు.

ఆగడానికి అయ్యే ఖర్చునూ లెక్కేయండి. నెమ్మదించిన ల్యాప్‌టాప్ రోజుకు ఇరవై నిమిషాలు తినేస్తే నెలకు 25 పనిదినాల్లో 500 నిమిషాలు, ఆరు నెలల్లో 50 గంటలు. మీ గంట విలువ ఎంతో మీకే తెలుసు. కొత్త చిప్పు ఇచ్చే 15 శాతం ఆ 50 గంటలను తిరిగి తేవడానికి చాలా కాలం పడుతుంది.

ఎవరు ఆగాలి

నాలుగు సంగతులు కలిసి రావాలి. చేతిలోని మెషీన్ పని ఆపకుండా నడుస్తుండాలి. కొత్త చిప్పు ప్రకటించడమే కాదు, మీకు కావాల్సిన మోడల్ భారత్‌లో ఏ నెలలో వస్తుందో తెలియాలి. మారుతున్నది మీకు కావాల్సినదే అయి ఉండాలి. నాలుగోది, అందరూ మరిచిపోయేది, మీ బడ్జెట్.

ప్రకటించిన చిప్పు మన దుకాణాలకు ఒకేసారి రాదు. మొదట లక్ష రూపాయలు దాటిన మోడళ్లలో కనిపిస్తుంది. అరవై, డెబ్బై వేల మోడళ్లకు దిగడానికి ఇంకా నెలలు పడుతుంది. అప్పటికి ఆ పైన ఇంకో చిప్పు ప్రకటిస్తారు. 55 వేలతో వెళ్లేవారికి ‘కొత్త తరం’ అన్నది ఎప్పుడూ చేతికి ఒక అడుగు దూరంలోనే ఉంటుంది. ఆ ధరలో వాళ్లు కొనేది ఎలాగూ రెండేళ్ల కిందటి డిజైనే, అందులో తప్పేమీ లేదు.

కాబట్టి ఆగాల్సినవాళ్లు ఇలా ఉంటారు: లక్షకు పైగా పెట్టగలవారు, విడి గ్రాఫిక్స్ లేని తేలికైన మెషీన్‌లో కొంచెం గేమింగో ఎడిటింగో కావాలనేవారు, ఇంకో రెండు మూడు నెలలు ఇబ్బంది లేనివారు. వాళ్లకు పాంథర్ లేక్ ఎక్స్ మోడళ్ల ధర కుదురుకునేదాకా ఆగడం మంచి నిర్ణయం. కొత్త డిజైన్ మొదటి నెలల్లో బయోస్, గ్రాఫిక్స్ డ్రైవర్ అప్‌డేట్లు వరుసగా వస్తుంటాయి. స్లీప్‌లో పెట్టినా బ్యాటరీ కరిగిపోవడం, బయటి మానిటర్ తగిలిస్తే తెర మినుకుమనడం వంటివి ఆ దశలోనే ఎక్కువ. కొద్దిగా ఆగితే ఆ చికాకూ తప్పుతుంది.

బ్యాటరీ ఒక్కటే కావాలంటే ఆగక్కర్లేదు. పేరు చివర ‘వీ’ ఉన్న లూనార్ లేక్ చిప్పులు, అల్ట్రా 5 226వీ, అల్ట్రా 7 258వీ వంటివి, రెండేళ్ల కిందటివైనా రోజంతా ప్రయాణాల్లో ఉండేవారికి ఇప్పటికీ మంచి ఎంపిక. ఒక్క షరతు: అవి ఎనిమిది కోర్లవి. పెద్ద కోడ్ బిల్డులు, గంటల తరబడి రెండరింగ్ చేసేవాళ్లు వాటి జోలికి పోవద్దు.

ఇంజినీరింగ్‌లో చేరేవాళ్లు

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ అయ్యాక తరగతులు మొదలయ్యేలోపు ల్యాప్‌టాప్ కొనాలని ఇళ్లలో ఒత్తిడి ఉంటుంది. మొదటి సెమిస్టర్‌లో సీ, పైథాన్ ల్యాబులకు ఏ ఐ5 అయినా చాలు. ఇంట్లో వాడుకోవడానికి ఏదో ఒకటి ఉంటే సెప్టెంబర్ చివర, దసరా ముందు మొదలయ్యే ఆన్‌లైన్ అమ్మకాల దాకా ఆగండి. ఈ ఆగడం ప్రాసెసర్ కోసం కాదు, బ్యాంకు కార్డు తగ్గింపు కోసం. ఇంట్లో ఏమీ లేకపోతే జూలైలోనే కొనేయండి.

నాలుగేళ్లు నడవాలి కాబట్టి చూడాల్సిన వరుస ఇది: 16 జీబీ ర్యామ్, కనీసం ఒక ఖాళీ స్లాట్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, మంచి తెర, ఆ తర్వాతే ప్రాసెసర్ తరం. తెర సంగతి నొక్కి చెప్పాలి. 60 వేల లోపు మోడళ్లలో ‘45 శాతం ఎన్‌టీఎస్‌సీ, 250 నిట్స్’ అని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. మొదటిది తెర చూపగలిగే రంగుల కొలత, రెండోది వెలుగు కొలత. రంగులు వెలిసిపోయినట్టు ఉంటాయి, కిటికీ పక్కన కూర్చుంటే అక్షరాలు కనిపించవు. నాలుగేళ్లు రోజూ చూసేది దాన్నే. ‘100 శాతం ఎస్‌ఆర్‌జీబీ, 300 నిట్స్’ ఉన్నదానికి మూడు నాలుగు వేలు ఎక్కువైనా పెట్టవచ్చు, ప్రాసెసర్‌లో ఒక మెట్టు దిగైనా సరే.

గేమింగ్ కోసమైతే

ఇక్కడ ప్రాసెసర్ తరం రెండో వరుసలోది. ఆట నడిపేది గ్రాఫిక్స్ కార్డు, దాని వాట్లు. ఆర్‌టీఎక్స్ 4060 ల్యాప్‌టాప్ కార్డును తయారీదారులు 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎలాగైనా పెట్టుకోవచ్చు. 60 వాట్ల 4060 ఉన్న కొత్త మోడల్ కంటే 115 వాట్ల 4060 ఉన్న పాత మోడల్ గట్టిగా ఆడుతుంది. టీజీపీ అంకె (గ్రాఫిక్స్ కార్డుకు ఎన్ని వాట్లు ఇస్తారో చెప్పేది) ఇవ్వని మోడల్ కొనొద్దు. 4060, 5060, 5070 మూడింటి ల్యాప్‌టాప్ రూపాల్లోనూ ఉండేది 8 జీబీ మెమొరీయే. అంతకంటే కావాలంటే 12 జీబీ ఉన్న 5070 టీఐ దాకా వెళ్లాలి. ఐ7-13650హెచ్‌ఎక్స్ లాంటి చిప్పుతో పూర్తి వాట్ల 4060 మంచి ధరకు దొరికితే ఆలోచించకుండా తీసుకోండి.

ఏఐ, ఎన్‌పీయూ

ఎన్‌పీయూ అంకె చూపించి అమ్మడం ఎక్కువైంది. మైక్రోసాఫ్ట్ కోపైలట్ ప్లస్ పీసీ అన్న ముద్రకు 40 టాప్స్ (ఒక టాప్ అంటే సెకనుకు లక్ష కోట్ల లెక్కలు) ఎన్‌పీయూ, 16 జీబీ ర్యామ్, 256 జీబీ స్టోరేజ్ అడుగుతోంది. 2024లో వచ్చిన అల్ట్రా 7 258వీకి ఆ అర్హత ఉంది. 2025లో వచ్చిన అల్ట్రా 7 255హెచ్‌కు లేదు, దాని ఎన్‌పీయూ 13 టాప్స్ మాత్రమే. తర్వాత వచ్చింది కాబట్టి అన్నిట్లో మెరుగని అనుకోకూడదు. ఎన్‌పీయూ మీద నడిచేవి లైవ్ క్యాప్షన్ల అనువాదం, రీకాల్ (ఇంతకుముందు తెర మీద చూసినవాటిని వెతికిచ్చేది), కెమెరా ఎఫెక్టుల్లాంటివి. చాట్ జీపీటీ, జెమినై బ్రౌజర్‌లో వాడేవారికి ఇది దేనికీ పనికిరాదు, ఆ లెక్కలన్నీ సర్వర్లలో జరుగుతాయి. ఒల్లామా, ఎల్ఎం స్టూడియో లాంటివాటితో సొంతంగా మోడళ్లు నడిపేవారికి ఎన్‌పీయూ కంటే గ్రాఫిక్స్ మెమొరీ, మొత్తం ర్యామ్ ముఖ్యం. టాప్స్ కోసం ఆగొద్దు.

స్నాప్‌డ్రాగన్, మ్యాక్

స్నాప్‌డ్రాగన్ ఎక్స్2 ఎలైట్‌ను 2025 సెప్టెంబర్‌లో ప్రకటించారు. బ్యాటరీ బాగుంటుంది, వేగమూ బాగుంటుంది. కానీ ఇది ఏఆర్ఎం చిప్పు, అంటే ఇంటెల్, ఏఎండీల కంటే వేరే రకం డిజైన్. మామూలు విండోస్ అప్లికేషన్లు ఎమ్యులేషన్‌లో, అంటే అప్పటికప్పుడు ఈ చిప్పుకు అర్థమయ్యేలా మార్చుకుంటూ నడుస్తాయి. డ్రైవర్లు మాత్రం ఎమ్యులేషన్‌లో నడవవు, వాటికి ఏఆర్ఎం వెర్షన్ ఉండి తీరాలి. డిజిటల్ సంతకం టోకెన్, పాత ప్రింటర్, బయోమెట్రిక్ పరికరం, ఆఫీసు వీపీఎన్ — మన దగ్గర పని ఆగేది ఇక్కడే. ఆడిటర్లు, మీసేవ కేంద్రాలు నడిపేవారు తమ టోకెన్ తయారీదారు వెబ్‌సైట్‌లో ఏఆర్ఎం64 డ్రైవర్ ఉందో లేదో చూడకుండా కొనొద్దు. తెలుగు టైపింగ్‌కు అను స్క్రిప్ట్ మేనేజర్ సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడిన డీటీపీ ఆపరేటర్లు తమ దగ్గరున్న కాపీని అలాంటి మెషీన్‌లో నడిపి చూశాకే నిర్ణయించుకోవాలి. వీళ్లకు ఇంటెల్, ఏఎండీలే క్షేమం.

మ్యాక్‌బుక్ ఎయిర్ కొనేవాళ్లు చూడాల్సింది ఒకటే: ఇప్పుడున్నది ఎప్పుడు వచ్చింది? ఎం1 ఎయిర్ 2020 నవంబర్‌లో, ఎం2 2022 జూలైలో, ఎం3 2024 మార్చిలో, ఎం4 2025 మార్చిలో వచ్చాయి. మధ్య దూరం రెండుసార్లు 20 నెలలు, ఒకసారి 12. ప్రస్తుత మోడల్ వచ్చి పది నెలలు దాటితే ఒకటి రెండు నెలలు ఆగి చూడవచ్చు. ఐదారు నెలలే అయితే కొనేయండి. 2024 అక్టోబర్ నుంచి కొత్తగా అమ్మే ఎయిర్‌లలో కనీసం 16 జీబీ ఉంటోంది. పాత స్టాకులో 8 జీబీ మ్యాక్ ఎంత చౌకగా కనిపించినా వద్దు.

అమెరికా నుంచి తెప్పించుకుంటే

కొత్త చిప్పులు అక్కడ ముందు వస్తాయి కాబట్టి ‘అన్నయ్య వస్తున్నాడు, తెస్తాడు’ అనే దారి మన ఇళ్లలో చాలామందికి ఉంది. 18 ఏళ్లు నిండిన ప్రయాణికుడు ఒక ల్యాప్‌టాప్‌ను కస్టమ్స్ సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. ఆయన సొంత ఆఫీసు ల్యాప్‌టాప్ కూడా వెంట ఉంటే రెండోదానికి ఆ మినహాయింపు ఉండదు. అక్కడి ధరలో రాష్ట్ర అమ్మకం పన్ను కలిపి ఉండదు, బిల్లు దగ్గర కలుస్తుంది. ఛార్జర్ 100 నుంచి 240 వోల్టులదైతే ప్లగ్ మారిస్తే సరిపోతుంది. అసలు సంగతి వారంటీ. ఆ మోడల్‌కు అంతర్జాతీయ వారంటీ ఉందని రాతలో లేకపోతే ఇక్కడ బోర్డు పోయినప్పుడు పూర్తి ఖర్చు మీదే. ఇంకోటి, ఇక్కడ కొంటే ధరలో 18 శాతం జీఎస్టీ ఉంటుంది. వ్యాపారానికి కొనేవారు బిల్లు మీద తమ జీఎస్టీ నంబరు రాయించుకుంటే దాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవచ్చు. అది లెక్కలోకి తీసుకుంటే అమెరికా ధర చాలాసార్లు చౌకగా ఉండదు.

కొన్న రోజున

ఇంతా తేల్చుకుని మునుపటి తరం మోడల్ కొంటున్నారంటే అది గోదాములో కొన్ని నెలలు కూర్చున్న స్టాకు కావచ్చు. సికింద్రాబాద్‌ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా చేయాల్సిన పని ఒకటే. పెట్టె తెరవడం నుంచి మొదటిసారి ఆన్ చేసేదాకా వీడియో తీయండి. సీరియల్ నంబరును కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి వారంటీ ఎప్పటి నుంచి మొదలైందో చూడండి. కొన్నిసార్లు ఫ్యాక్టరీ నుంచి బయల్దేరిన తేదీ నుంచే లెక్కేస్తుంటారు, బిల్లు అప్‌లోడ్ చేస్తే కొన్న తేదీకి సరిచేస్తారు. టాస్క్ మేనేజర్‌లో ర్యామ్ ఎంతుందో, ఎన్ని స్లాట్లు వాడారో చూడండి. బ్యాటరీ రిపోర్ట్ తీస్తే కొత్తదానిలో ఫుల్ ఛార్జ్ కెపాసిటీ డిజైన్ కెపాసిటీకి దగ్గరగా ఉండాలి. ఐదు శాతం తేడా మామూలే, పదిహేను శాతం ఉంటే మార్చి ఇమ్మని అడగండి. తెరను పూర్తిగా నల్లగా, ఆ తర్వాత పూర్తిగా తెల్లగా పెట్టి చచ్చిన పిక్సెళ్లు, అంచుల్లో వెలుగు కారడం చూడండి. ఇవన్నీ ఆన్‌లైన్ రీప్లేస్‌మెంట్ గడువులోపే చేయాలి. చాలా అమ్మకాల్లో అది ఏడు రోజులే, ఆ తర్వాత మీకు మిగిలేది సర్వీస్ సెంటర్ ఒక్కటే.